కూనపులివారి పటం

బంజారాహిల్స్‌లో లామకాన్ 2010లో మొదలైంది. ముంగిట్లో పెద్ద బండ, చెట్టు నీడ, చాయ్. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. చేర్యాల బొమ్మల ప్రదర్శన పెట్టారంటే ఒక సాయంత్రం వెళ్లాను. గోడ నిండా చిన్న చిన్న ఫ్రేములు: బోనమెత్తిన ఆడవాళ్లు, తాడెక్కుతున్న గీతకార్మికుడు, ఎడ్లబండి. జనం వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఇంతలో ఇద్దరు కథకులు చుట్టిన పటం ఒకటి తెచ్చి కర్రకు వేలాడదీశారు.

మూడడుగుల వెడల్పు ఖద్దరు గుడ్డ. గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల ముద్ద పూత మీద పూత పూస్తేగానీ దాని మీద రంగు నిలవదు. దగ్గరికెళ్లి చూశాను. ఏళ్లతరబడి చుట్టీ విప్పీ అక్కడక్కడ పూత రాలి, పోగులు తేలాయి. ఆ పోగుల మీదే భావనారుషి పులినెక్కి కూర్చున్నాడు. వెనకంతా ఎరుపు, అంచున పూలతీగ.

అది పద్మశాలీల మార్కండేయ పురాణం, వాళ్ల మూలపురుషుడు భావనారుషి కథ. చెప్పేది కూనపులివారు. గొల్లలకు కాటమరాజు కథ, చాకళ్లకు మడేలు పురాణం, మాదిగలకు జాంబపురాణం. ఏ కులం కథ దానిదే, చెప్పేవాళ్లూ వేరే. చేర్యాల బొమ్మలు వేసే నకాషీలు తరతరాలుగా పటాలు రాసింది ఈ కథకుల కోసమే. ఫ్రేములు తర్వాత వచ్చాయి. వాటివల్లే నకాషీల ఇళ్లలో కుంచె ఆగలేదు, కాదనను. కథ చెప్పేవాళ్లకు మాత్రం వాటితో ఒరిగిందేమీ లేదు.

హార్మోనియం, తాళాలు అందుకున్నాయి. కథకుల్లో పెద్దాయన పుల్ల భావనారుషి మీద ఆనగానే నా ముందున్న ముసలామె చెప్పులు విడిచి దండం పెట్టింది. సిరిసిల్ల నుంచి కూతురింటికి వచ్చిందట. కథకుడు ఊపిరి తీసుకున్నచోటల్లా తర్వాతి మాట ఆమే మనవరాలి చెవిలో వేస్తోంది.

కథ ముగిశాక అడిగాను: "పెద్దాయనా, పటం ఇంత అరిగింది గదా, కొత్తది రాయించరా?"

"ఊర్లల్ల పిలుస్తె గద సారూ రాయించేది! ఇది మా తాతనాటిది. పాతదైతె గంగల కలపాలె. దీన్ని కలిపితె, మల్ల ఏది పట్టుకొని పోవాలె?"

ప్రదర్శన పెట్టేవాళ్లు నాలుగు ఫ్రేములు తగ్గించైనా ఒక కథకుడికి పటం రాయించి ఇవ్వాలని అక్కడే గట్టిగా అన్నాను. కొందరం చందాలు వేసుకున్నాం. చేర్యాలలో ఒక నకాషీ ఇంట్లో బయానా ఇచ్చాం. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో పెద్దాయనే పక్కన కూర్చుని చెబుతున్నాడు. భావనారుషితో భద్రావతి పెళ్లికి ఇంకో రెండు వరసలు కావాలని పట్టుబట్టాడట.