కొడవలి కణం

కొడవలి అనగానే మన బంధుగాం మనిషికి వరికోతలు గుర్తొస్తాయి. ఈ ప్రాంతంలో పనిచేసిన డాక్టరుకి మాత్రం ఒక జబ్బు గుర్తొస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్ళునొప్పులు, పచ్చబడ్డ కళ్ళు, రక్తం చాలకపోవడం. అదే సికిల్ సెల్.

బడిలో చదువు చెప్పినవాణ్ణి కనక ఇలాంటి పిల్లల్ని చూశాను. ఈరోజు గెంతులేస్తారు, రేపు మోకాళ్ళు పట్టుకుని గోడవార కూర్చుంటారు. "ఏం లేదు మాస్టారూ, ఒట్టి బద్ధకం" అనేవారు ఇంట్లోవాళ్ళు. ఆ మాటకి జవాబు నాకు ఒక అయస్కాంత యంత్రం కథలో దొరికింది.

హెమోగ్లోబిన్ ఒక ప్రోటీను. దాని బీటా గొలుసులో 146 పూసలుంటాయి. ఈ జబ్బులో ఆరో పూస ఒక్కటే మారుతుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది. అంతమాత్రానికే, ఆక్సిజన్ వదిలిన హెమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పోగులుగా గట్టిపడతాయి.

కణాన్ని పగలగొట్టకుండా ఆ గట్టిపడ్డదెంతో కొలిచేదెలా? మైక్రోస్కోపులో ఆకారమే కనబడుతుంది. ఎన్ఎంఆర్ అనే పద్ధతిలో పదార్థాన్ని బలమైన అయస్కాంతంలో ఉంచి రేడియో తరంగాలతో పలకరిస్తారు. పరమాణు కేంద్రకాలు జవాబిస్తాయి. నీళ్ళలో స్వేచ్ఛగా దొర్లే ప్రోటీను స్పష్టంగా పలుకుతుంది. గట్టిపడ్డదాని గొంతు సంత రొదలో మాటలా చెదిరిపోతుంది. దాన్ని వినే విద్యే సాలిడ్ స్టేట్ ఎన్ఎంఆర్. హైడ్రోజన్ల గోలని రేడియో తరంగాలతో అణచి, వాటి బలాన్ని కార్బన్లకి అందిస్తారు. చాలా ప్రయోగాల్లో నమూనాని 54.7 డిగ్రీలు వాల్చి, సెకనుకి వేలసార్లు తిప్పుతారు కూడా.

1980లో అమెరికాలో నోగుచీ, టోర్చియా, షెక్టర్ అనే శాస్త్రజ్ఞులు రోగుల రక్తకణాల్లో గట్టిపడ్డ హెమోగ్లోబిన్ ఎంతో ఇలా కొలిచారు. ఆక్సిజన్ 90 శాతం మించి ఉన్నప్పుడు కూడా అది కొంత కనబడింది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ పెరుగుతూ పోయింది. అంటే పైకి అంతా బాగున్నట్టే ఉన్నప్పుడు కూడా లోపల పోగులు పేరుకుంటూ ఉండొచ్చన్నమాట. గోడవార కూర్చున్న పిల్లాడిది బద్ధకం కాదు.

ఆ విద్య మనకి మరీ దూరమేం కాదు. హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థలో సాలిడ్ స్టేట్ ఎన్ఎంఆర్ మీద పని జరుగుతోంది. బరంపురంలో 2016లో మొదలైన ఐసర్ తొలి డైరెక్టరు కె.వి.ఆర్. చారిగారు ఎన్ఎంఆర్ శాస్త్రజ్ఞులే.

అయితే మన ఊరికి ఆ యంత్రం అక్కర్లేదు. చిన్న గొట్టంలో మందునీళ్ళు పోసి రక్తపు చుక్క కలుపుతారు. ఆ హెమోగ్లోబిన్ ఉంటే నీళ్ళు మసకబారి, వెనక కార్డు మీది గీతలు కనబడవు. కరగకుండా మిగిలిపోవడమే రెండుచోట్లా సాక్ష్యం. జబ్బు లేకుండా లక్షణం మోసేవాళ్ళ రక్తం కూడా మసకబారుతుంది కనక రెండో పరీక్ష తప్పనిసరి. జబ్బు తేలితే హైడ్రాక్సీయూరియా అనే మందుంది. అది పసిబిడ్డ నాటి హెమోగ్లోబిన్ని పెంచి పోగులు పట్టడాన్ని తగ్గిస్తుంది.

2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ కార్యక్రమం 40 ఏళ్ళ లోపు 7 కోట్లమందికి పరీక్ష చెయ్యాలని పెట్టుకుంది. ఒడిశా అందులో ఉంది. గిరిజనుల్లో ఎక్కువ కనబడినా, అది వాళ్ళ జబ్బేనని మనం తప్పుకోవడానికి లేదు. లక్షణం మోసే ఇద్దరు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు చేసుకునేవాళ్ళం మనం. సంబంధం కలుపుకునే ముందు జాతకాల పక్కన ఆ పరీక్ష కాగితాలు కూడా పెట్టి చూస్తే, పుట్టబోయే బిడ్డకి అంతకన్నా మేలేముంటుంది?