దొంగ మెనూ, దొర మెనూ

పిల్లలూ! "సెవెన్ డేస్ టు డై" అనే కంప్యూటర్ ఆట ఒకటి ఉన్నది. ఫన్ పింప్స్ అనేవారు దీనిని 2013లో బయటపెట్టి, పదేళ్లకు పైగా చెక్కి చెక్కి, 2024లో పూర్తి ఆటగా విడుదల చేశారు. ఆరు రోజులు కలప కొట్టి, రాయి తవ్వి కోట కట్టుకోవాలి. ఏడవ రాత్రి చంద్రుడు ఎర్రబడతాడు. నడిచే శవాలు, అంటే జాంబీలు, గుంపుగా వచ్చి ఆ కోట మీద పడతాయి. ఇది పదిహేడేళ్లు నిండినవారి ఆట. చిన్నవారైతే ఈ పేజీ తీసుకువెళ్లి మీ అన్నయ్యకు చదివి వినిపించండి!

కోట కట్టడం కష్టం. అందుకని కొందరు "మాడ్ మెనూ" కోసం వెతుకుతారు. అది ఆట పక్కన నడిచే మరొక ప్రోగ్రాము. మీట నొక్కితే చావు ఉండదు, తూటాలు అయిపోవు.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు బడి తాళంచెవులన్నీ ఒకే గుత్తికి ఉండేవి. ఒక గదికి సున్నం వేయడానికి వచ్చినవాడికి ఆ గుత్తి ఇస్తే, ప్రశ్నపత్రాల బీరువా కూడా ఇచ్చినట్లే కదా? ముక్కూ మొహం తెలియని ప్రోగ్రామును కంప్యూటరులో నడపడం అటువంటిదే. ఆటను మార్చడానికి వచ్చినది ఆటతోనే ఆగాలని లేదు. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను ఎత్తుకుపోయే దొంగ ప్రోగ్రాములు ఈ వేషంలోనే వస్తాయి. ఇంట్లో ఒకే కంప్యూటరు ఉంటే నాన్నగారి బ్యాంకు లెక్కలు కూడా అందులోనే ఉంటాయి. "ముందు యాంటీవైరస్ ఆపు" అని అడిగేదాన్ని అక్కడే వదిలేయండి. కాపలాదారును నిద్రపుచ్చమనేవాడికి మన ఇంట్లో ఏమి పని?

అసలు తమాషా ఏమిటంటే, ఆ మెనూ ఆటలోనే ఉన్నది! ఎఫ్1 మీట నొక్కి, తెరుచుకున్న పెట్టెలో "సీఎం" అని రెండు ఇంగ్లీషు అక్షరాలు కొడితే, కావలసిన వస్తువులన్నీ ఇచ్చే మెనూ సిద్ధమవుతుంది. "డీఎం" అని కొడితే తయారీదారులు పరీక్షలకు వాడుకునే సదుపాయాలు వస్తాయి. డబ్బు అక్కరలేదు, దించుకునేది ఏమీ లేదు.

మాడ్‌లు అన్నీ చెడ్డవి కావు. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు మాత్రమే ఉన్న మాడ్‌లను నోట్‌ప్యాడ్‌లో తెరచి చదువుకోవచ్చు: ఏ తుపాకీ బలం ఎంత, ఏ జాంబీ వేగం ఎంత అని అంకెలు కనబడతాయి. డీఎల్‌ఎల్ ఫైలు ఉన్నదంటే అది నిజమైన ప్రోగ్రామే. మన కంటితో చదవలేము. అది పనిచేయాలంటే ఆటకున్న "ఈజీ యాంటీ చీట్" కాపలాను ఆపి ఆడాలి. ఆ కాపలా తప్పనిసరి అన్న సర్వర్లలోకి అప్పుడు ప్రవేశం ఉండదు. ఇతరుల సర్వరులో ఇటువంటివి వాడితే బహిష్కరిస్తారు. నన్నడిగితే అది న్యాయమే.

మా మనవడు ఏ మాడ్ పెట్టినా ముందు "సేవ్స్" ఫోల్డరుకు నకలు తీసి మరొకచోట దాస్తాడు, ఆ పైన కొత్త లోకం సృష్టించి అందులో పరీక్షిస్తాడు. పాత కోట జోలికి పోడు. మొన్న "సీఎం"తో ఉక్కు దిమ్మెలు కుప్పలుగా తెచ్చుకుని అరగంటలో పెద్ద దుర్గం కట్టాడు. ఏడవ రాత్రి వచ్చింది. జాంబీలు గోడలు గీకుతూ ఉంటే మనవాడు ఆవులించి, పాత లోకం తెరచి, కలప కొట్టుకోవడానికి వెళ్లిపోయాడు.