ఆలస్యం ఎక్కడ దాగింది?

2023లో పరీక్ష రుసుముల వసూలుకై మన కార్యాలయానికి కావలసిన ప్రోగ్రామును కంప్యూటర్ విభాగ విద్యార్థులమైన మేమే వ్రాసి ఇచ్చాము. మామూలు దినాలలో అది చక్కగానే నడిచింది. గడువు ముగిసే దినాన మాత్రం, 4 కౌంటర్ల ముందూ విద్యార్థులు బారులు తీరిన వేళ, ఉన్నట్టుండి నమోదు ఆగిపోయేది. కొంతసేపటికి దానంతటదే సాగేది. సాయంత్రం కౌంటర్లు మూసేసరికి ఇంకా బారులోనే నిలిచి ఉన్నవారికి మరునాడు ఆలస్య రుసుము పడింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, యంత్రానికి శక్తి చాలదని కమిటీ వారికి లేఖ వ్రాశాము. క్రొత్త సర్వరు కొనుగోలు ప్రస్తావన కూడా వచ్చింది. అయినా మనస్సు ఒప్పక, ఒక రాత్రి కూర్చుండి 2,000 నమోదులు చేసి చూశాము. ఎక్కడా జాప్యం లేదు. ప్రాసెసరు, డిస్కు రెండూ తీరికగానే ఉన్నాయి.

దారి చూపినవారు కౌంటరులోని వృద్ధ గుమాస్తా. "బేటా, నా ప్రింటరులో కాగితం ఇరుక్కున్నప్పుడల్లా పక్కవాళ్ల తెరలు కూడా నిలిచిపోతున్నాయి, గమనించారా?" అన్నారు.

"లేదు చాచా" అని తలలు వంచుకున్నాము.

రసీదుల క్రమసంఖ్య డేటాబేసులో ఒకే ఒక రికార్డులో ఉంది. మా ప్రోగ్రాము ముందుగా ఆ రికార్డుకు తాళం వేసి సంఖ్యను తీసుకొని, రుసుము నమోదు చేసి, రసీదు అచ్చయ్యేదాకా ఆగి, అటుపిమ్మట 'కమిట్' చేసి తాళం తీసేది. అంతవరకూ తక్కిన 3 కౌంటర్లూ పడిగాపులు పడవలసిందే. మై ఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ, మనం మార్చకుంటే, అలా 50 సెకన్లు వేచి, ఆ పిమ్మట దోషమని తెలుపుతుంది. రద్దీ లేనప్పుడు తాళం కోరే రెండవవారే ఉండరు. ఒంటరిగా పరీక్షించిన మాకు లోపం దొరకకపోవడం అందుకే. 4 కంప్యూటర్లను ఒకేసారి నడిపి, ఒక ప్రింటరును కావాలని ఆపగా, తక్కిన మూడూ ఆగాయి.

మార్పు స్వల్పమే. లెక్కలు, పేరు సరిచూపు మొదలైనవన్నీ ముందే ముగించి, చివరగా సంఖ్య తీసుకొని, వెంటనే కమిట్ చేసి, ఆ తరువాతనే అచ్చుకు పంపాము. అచ్చు చెడితే నమోదైన వివరాలనుండి మరల ముద్రించవచ్చు. తరువాతి గడువు దినాన అదే యంత్రం, అదే రద్దీ, నమోదు ఆగలేదు.

మా లేఖ తప్పని కమిటీ వారి ముందు ఒప్పుకోవడమే కష్టమైంది. లోపం మాది, దండుగ కట్టినది తోటి విద్యార్థులు. ఆ సొమ్ము తిరిగి ఇప్పించవలసిందని వేడుకొన్నాము. కమిటీ వారు దయతో అంగీకరించారు. ఇకమీదట ప్రోగ్రాము వ్రాయబోయే మా తమ్ములూ చెల్లెళ్లూ ముందుగా ఒక పూట ఆ కౌంటరు దగ్గర కూర్చుండవలెనని మా మనవి.