ఆకలిగొన్న యంత్రము

పనిచేయని పనిముట్టును నిందించుట సులభము. అది పనిచేయుటకు వలసినది దానికి అందినదా యని విచారించుట కష్టము. తీగ లేకయే వార్తలను మోయు చిన్న పలకలతో ప్రయోగములు చేయు విద్యార్థులకు ఈ భేదము త్వరలోనే బోధపడును.

1895వ సంవత్సరమున జగదీశచంద్ర బోసు కలకత్తాలో తీగ లేకుండ దూరముననున్న గంటను మ్రోగించి చూపెను. నేడు వార్తను మోయు పలక బొటనవ్రేలంత మాత్రమే. నార్వే దేశపు నార్డిక్ సెమికండక్టర్ సంస్థ రూపొందించిన ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ అను చిప్పు గల పలక అట్టిది. దానికి 1.9 మొదలు 3.6 వోల్టుల వరకు విద్యుత్తు చాలును. పూర్తి బలముతో పలుకునపుడు 11.3 మిల్లీ ఆంపియర్లు, వేగముగా వినునపుడు 13.5 మిల్లీ ఆంపియర్లు గ్రహించును. పలుకుటకంటె వినుటకే ఎక్కువ శక్తి వలయుట వింతయే! ఇంత మితాహారి యైనను దాని కొక స్వభావము కలదు: వలసినది వలసిన క్షణముననే అందవలెను.

ఒక బాలుడు మెట్లెక్కలేని తన నాయనమ్మ కొరకు, మేడమీది తొట్టి నిండినంతనే క్రింద గంట మ్రోగు యంత్రమును కట్టెను. అది ఒకమారు మ్రోగును, పదిమారులు మౌనము వహించును. బాలుడు ప్రోగ్రామును తిరుగవ్రాసెను. దాచుకొన్న రూకలతో మరియొక పలకను కొనెను. ఫలితము శూన్యము. “ఈ విద్య నాకు రాదు” అని అతడు నిరాశ చెందెను.

వీధిలో రేడియోలు బాగుచేయు పెద్దాయన దానిని చూచి, “బాబూ, మద్దెల ఓడనుటకు ముందు దానికి తిండి చాలుచున్నదేమో చూచితివా?” అని అడిగెను.

“మల్టీమీటరు 3.3 వోల్టులు చూపుచున్నదే, తాతా!”

“అది సగటును చూపును. రెప్పపాటులో కలుగు లోటును చూపజాలదు.”

పలక పలుక మొదలిడగానే ప్రవాహము ఒక్కసారి పెరుగును. సన్నని పొడుగు తీగలలో వోల్టేజి క్షణకాలము తగ్గును, వార్త తెగిపోవును. పెద్దాయన పలక పాదముల చెంతనే 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు నొకదానిని అతికెను. తెల్లని చార గల కాలు ఋణధ్రువమునకు చేరవలెనని హెచ్చరించెను. ముంగిట నీళ్ల కుండ దప్పిక తీర్చునట్లు ఆ కెపాసిటరు క్షణపు లోటును తీర్చెను. గంట తప్పక మ్రోగసాగెను.

మరికొన్ని జాగ్రత్తలును కలవు. ఈ పలకకు 5 వోల్టులు నేరుగా ఇచ్చినచో అది చెడిపోవును. దూరమునకు పలుకుటకై ఆంప్లిఫయరు చేర్చిన పలక 100 మిల్లీ ఆంపియర్లకు పైగా కోరును. ఆర్డుయినో ఊనో పలక తన 3.3 వోల్టుల కాలినుండి ఈయగలిగినది 50 మాత్రమే. అట్టిదానికి వేరు రెగ్యులేటరు వలయును. 9 వోల్టుల బ్యాటరీని సాధారణ రెగ్యులేటరుతో 3.3కు దించినచో, సగమునకు మించిన శక్తి వేడిగా వ్యర్థమగును. రెండు పెన్సిలు సెల్లులు వరుసగా కలిపినచో 3 వోల్టులగును; పలకకు అవియే చాలును. పనిలేనపుడు దానిని నిద్రపుచ్చినచో 0.9 మైక్రో ఆంపియరు మాత్రమే గ్రహించును.

పిండికొద్దీ రొట్టె యని పెద్దలందురు. తప్పిన పనిని చూచినపుడు తెలివిని శంకించుటకు ముందు, అందవలసినది అందినదా యని చూచువాడే నిజమైన శాస్త్రవిద్యార్థి. యంత్రములకే కాదు, తోడి విద్యార్థులకును ఈ న్యాయము వర్తించును.