ఎర్ర ముల్లు

పోయిన ఎండాకాలం మా కారు ఏసీకి 36,200 రూపాయలు పెట్టాను. నిజంగా చెడిపోయిన వస్తువు ఖరీదు 220. ఈ రెండంకెలూ డైరీలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ పేజీ తగిలిన రోజు అన్నం సయించదు.

కారు 2012 మోడల్. 2018లో 2,10,000 పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏప్రిల్‌లో జబ్బు మొదలైంది. నల్గొండ దాటి దేవరకొండ రోడ్డు మీద ఎనభైలో పోతుంటే ఏసీ మంచులా తగిలేది. ఊళ్లోకొచ్చి గడియారం సెంటర్‌లో ఆగితే చాలు, ఉడుకు గాలి. మళ్లీ బండి కదిలిందా, చల్లన. రోగం పేరు ఈ నాలుగు మాటల్లోనే ఉంది. అప్పుడు వినిపించలేదు.

మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు. 1,800. రెండు వారాలకు మళ్లీ అదే వరస, మళ్లీ 1,800. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసిన పైపుల్లో తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే, ముందు ఆ కారేచోటు పట్టుకోవాలి. ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. మావాడు తూకం వెయ్యలేదు, పైపు పట్టుకుని చల్లదనం చూసి నింపాడు. రెండోసారి నింపేటప్పుడు, ఎండ ఎక్కువుంది సార్ అంటూ ముందున్న కండెన్సర్ మీద బకెట్ నీళ్లు పోశాడు. లోపల కూచున్న నాకు వణుకు పుట్టింది. శభాష్ అన్నాను. నీళ్లు పోస్తేనే ఎందుకు చల్లబడిందని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

మూడోసారి కూలింగ్ కాయిల్ లీకన్నాడు. డాష్‌బోర్డంతా ఊడదీశారు. కాయిల్ 6,500, కూలి 2,500, గ్యాస్ 1,800, వెరసి 10,800. ఇప్పటికి 14,400. ఇంటికొచ్చే దారిలోనే గడియారం సెంటర్‌లో చెమట.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బావ. మా ఆవిడ అన్న. మహబూబ్‌నగర్‌లో ఉంటాడు, ఒకప్పుడు రెండు లారీలు తిప్పాడు కాబట్టి బండ్ల విషయంలో ఇంట్లో ఆయన మాటే చెల్లుబాటు. ఆ లారీలకు ఏసీయే లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఫోన్లోనే తేల్చేశాడు: “పన్నెండేండ్లు దాటిన బండి బావా, కంప్రెసర్ ఖతమైంటది. ఊకె గ్యాస్ పోసుడేంది? ఒక్కసారి కొత్తది ఏయించు, పదేండ్లు చూడక్కర్లేదు.”

సందేహమున్నవాడు మెల్లగా మాట్లాడతాడు, తెలియనివాడు గట్టిగా మాట్లాడతాడు. పెళ్లి సంబంధాల దగ్గర్నుంచి ప్లాట్ల దాకా మా చుట్టాల్లో ఎప్పుడూ గట్టి గొంతే గెలిచింది. నేనూ ఆ గొంతుకే డబ్బు కట్టాను.

కంప్రెసర్ 16,500, డ్రయర్ 1,100, ఆయిలూ గ్యాసూ 2,200, కూలి 2,000. మొత్తం 21,800. చేతిలో లేదు. కాలనీలో లక్ష చిట్టీ నడుస్తోంది, ఇరవై నెలలది. ఏడో నెలలోనే పాడి ఎత్తుకున్నాను. పాటలో 24,000 పోయి చేతికి 76,000 వచ్చింది. పక్కింటాయన పదహారో నెల దాకా ఓపిక పట్టి 9,000 మాత్రమే వదులుకున్నాడు. తేడా 15,000. నా లెక్కలో ఏసీ నష్టం 51,200.

మా ఆవిడ ఒప్పుకోలేదు. 76,000లో కంప్రెసర్‌కు పోయింది 21,800, అంటే నూటికి 29 కూడా లేదు, కాబట్టి ఆ 15,000లో ఏసీ పద్దుకు 4,300 మించి రాయొద్దంది. ఆమె లెక్కన నష్టం 40,500. లెక్క ఆమెదే సరైంది, అన్నను కాపాడుకోడానికే వేసినా సరే. అమ్మితే లక్షా ముప్పై వేలు రాని బండికి నాలుగో వంతు పైన పెట్టానన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ మారలేదు. ఆ డబ్బుతో ఇంటికే కొత్త ఏసీ వచ్చేది.

కొత్త కంప్రెసర్‌తో మే నెలలో మహబూబ్‌నగర్ బయల్దేరాం. పాతదాన్ని ఎందుకో మెకానిక్‌కు వదలబుద్ధి కాక డిక్కీలో వేసుకున్నాను. కల్వకుర్తి దాకా స్వర్గం. జడ్చర్ల చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఆగాం. ఉడుకు గాలి.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అరవై దాటిన మెకానిక్. గేజీ తగిలించాడు. నీలం మీటరు వైపు ఒక్కసారి చూసి వదిలేశాడు, ఎర్ర మీటరు ముందు నిలబడ్డాడు. ముల్లు ఎక్కుతోంది, ఎక్కుతోంది, టక్‌మని కంప్రెసర్ ఆగిపోయింది. “కంప్రెసర్ నీరసపడితే ఈ ముల్లు పైకి లేవది సార్. ఇది మస్తు లేస్తున్నది. వేడి బయటికి పోతలేదు.” బానెట్ లోపలికి వేలు చూపించాడు. “ఏసీ ఆన్‌లున్నది. మరి ఆ ఫ్యాన్ ఎందుకు తిరుగుతలేదు?”

మా బండిలో రేడియేటర్ ఫ్యాన్ వేరు, కండెన్సర్ ఫ్యాన్ వేరు. మొదటిది బాగానే ఉంది కాబట్టి ఇంజన్ ఎన్నడూ వేడెక్కలేదు, మాకు అనుమానమూ రాలేదు. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే రెండో ఫ్యాన్ పని చేసిపెట్టింది. ఆగితే వేడి ఎటూ పోక ప్రెషర్ పెరిగి, స్విచ్చు కంప్రెసర్‌ను ఆపేసింది. తూకం లేకుండా పోసిన గ్యాస్ ఆ ప్రెషర్‌ను ఇంకాస్త పెంచింది.

ఆయన ఫ్యూజు డబ్బా తెరిచి అగ్గిపెట్టెలో సగముండే నల్ల రిలే ఒకటి, ఫ్యాన్‌కు కరెంటు వదిలేది, పీకాడు. హారన్ రిలే కూడా అదే నంబరు. దాన్ని తీసి ఫ్యాన్ రిలే ఉన్న చోట గుచ్చాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. నేను హారన్ నొక్కి చూశాను, కుయ్యిమనలేదు. చప్పుడు లేని ఆ హారనే నాకు బిల్లు.

కొత్త రిలే 220, ఆయన అడిగింది 200. పెట్టిందానికి ఈ రెండూ కలిపి ఎన్నో వంతో కూడా వేశాను: 86.

డిక్కీలోని పాత కంప్రెసర్ చూసి, పుల్లీ చేత్తో తిప్పాడు. “మంచిగున్నది సార్, అమ్ముతరా? మూడు వేలిస్త.” అమ్మలేదు. బియ్యం సంచిలో కట్టి మెట్ల కింద పెట్టాను. బావకు రిలే సంగతి చెప్పొద్దని ఇంట్లో ఆంక్ష.

దసరాకు బావ వచ్చాడు. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే సంచి బొటనవేలికి తగిలింది.

“ఏంది బావా ఇది?”

“పాత కంప్రెసర్.”

“ఖరాబైందాన్ని ఇంట్ల దాచుకుంటరా ఎవరన్న? పారెయ్యరాదూ.”

వంటింట్లోంచి మా ఆవిడ నావైపే చూస్తోంది.