బొద్దు అక్షరాలు

జూన్ 3
బాబాయి స్వీట్ షాపు బోర్డు. పేరు ఇంగ్లీషులో ఉండాలట. ఫ్లెక్స్ షాపులో కూపర్ బ్లాక్ అక్షరాలు కావాలన్నాను. కుర్రాడికి పేరు తెలీదు. చూపించాను. "ఓ, టీషర్ట్‌ల మీదదా!"

జూన్ 4
షికాగో, 1922. ఈ అక్షరాలు గీసింది ఆస్వాల్డ్ కూపర్. పోతపోసి అమ్మింది బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్. కూపర్ బొమ్మలు నేర్చుకుందామని మొదట పోస్టల్ కోర్సు కట్టాడు. తర్వాత ఆ బడికే వెళ్లాడు. బొమ్మలు తన వల్ల కావని తేలింది. అక్కడే అక్షరాలు నేర్పే పంతులయ్యాడు.

జూన్ 7
'ఓ'ని పెద్దది చేసి చూశాను. లోపలి తెలుపు నిటారుగా లేదు. భోజనమయ్యాక పడక్కుర్చీలో చేరగిలబడ్డ పెద్దమనిషిలా వెనక్కి వాలింది. అక్షరాల కొసల్లో సెరిఫ్‌లనే చిన్న పాదాలున్నాయి, కోసుకునే చోటు ఒక్కటీ లేదు. అడుగు కూడా బల్లపరుపు కాదు, కాస్త ఉబ్బు. పక్క అక్షరం వెంట్రుకవాసి దిగినా కంటికి ఆనదు. 1970ల్లో అమెరికాలో టీషర్టులకి ఇస్త్రీపెట్టెతో ఈ అక్షరాలు అంటించేవాళ్లు. వంకరగా అంటినా సరదాగానే ఉంటుంది.
కుర్రాడు చెప్పింది రైటే.

జూన్ 8
సీసం అక్షరాలు ఓ హద్దు దాటి దగ్గరికి జరగవు. లోహం అడ్డం. ఫిల్మ్ మీద కూర్చే ఫోటోటైప్, రుద్ది అంటించే లెట్రాసెట్ వచ్చాక ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' రికార్డు అట్ట, 1966. ఆకుపచ్చ పట్టీ మీద ఈ అక్షరాలే. కింద శాన్ డియేగో జూలో పాటగాళ్లు మేకలకి మేత పెడుతుంటారు. మేకలకి పాటతో పనిలేదు.

జూన్ 11
తెలుగులో ఇలాంటిది గీద్దామని కూర్చున్నాను. మనకి సెరిఫ్ లేదు. తలకట్టు ఉంది, అదీ అన్నిటికీ కాదు. 'స్త్రీ' రాసి బొద్దు చేశాను. లోపలి తెలుపు పూడిపోయింది. ఒత్తు వెళ్లి కింది వరుసలో గుడిని గుద్దింది. వరుసల మధ్య ఎడం పెంచాను. నిండుతనం పోయింది.
టీ తాగాను.

జూన్ 15
పక్క వీధి గేటు. "నో పార్కింగ్, గాలి తీసేస్తాం" అని ఇంగ్లీషులో, కూపర్ బ్లాక్‌లో. ముందు రెండు కార్లు.

జూన్ 16
ఈజీజెట్ విమానాలు, 1995 నుంచి. కార్టూన్ పిల్లి గార్ఫీల్డ్. టూట్సీ రోల్ మిఠాయి. బీబీసీ కామెడీ సీరియల్ 'డాడ్స్ ఆర్మీ', 1968. అందులో రెండో ప్రపంచ యుద్ధం. అన్నిటికీ కూపర్ బ్లాకే.

జూన్ 20
కూపర్ బ్లాక్‌కి పోటీగా లాన్‌స్టన్ మోనోటైప్ వాళ్లు ఫ్రెడరిక్ గౌడీ చేత ఒకటి గీయించారు. గౌడీ హెవీఫేస్, 1925. గౌడీ కూడా ఆ షికాగో బడి పంతులే. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. గౌడీది పనితనం. ఫ్లెక్స్ షాపులో అడిగేవాళ్లు లేరు.

జూన్ 22
బోర్డు ఎక్కింది. బాబాయి రోడ్డుకి అవతలినుంచి చూశాడు.
"నిండుగా ఉందిరా. ఎవరు గీశారు?"
"షికాగో ఆయన."
"మనవాళ్లేనా?"
కాదన్నాను. 1940లోనే పోయాడన్నాను.
"అయితే ఆయనకేం ఇవ్వక్కర్లేదన్నమాట."
ఫ్లెక్స్ బిల్లు నేనే కట్టాను.