అమ్మీ పళ్లు, అమ్మీ ఉమ్రా పైసలు

దస్తర్‌ఖాన్ మీద నుంచి అమ్మీ అందరికంటే ముందే లేచిపోయేది. భూక్ లేదని బహానా. అసలు సంగతి బక్రీద్ నాడు తెలిసింది. పథర్ కా గోష్ ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపటికి దుపట్టా చాటున తీసేసింది. కింది దవడలో ఎడమవైపు రెండు పళ్లు పోయి మూడేళ్లయింది. పెట్టుడు పళ్ల సెట్టు డబ్బాలోనే ఉంటుంది. "నక్కో బేటా, నోట్లో రాయి పెట్టుకున్నట్టుంటది" అంటుంది.

ఇంప్లాంట్ చేయిద్దామనుకున్నాం. ఉమ్రా కోసం జమ చేసుకుంటున్న పైసల్లోంచి తీస్తానంది అమ్మీ. నా భయమంతా అక్కడే. పని చెడితే పళ్లతో పాటు ఉమ్రా కూడా పోతుంది.

షాలిబండలో మా గల్లీకి దగ్గర్లోనే ఒక క్లినిక్. బోర్డు మీద 'ఒక్క రోజులో ఫిక్స్ పళ్లు' అని ఉంది. నోట్లో లైటు వేసి చూశారు, చిన్న ఎక్స్‌రే తీశారు, జుమేరాత్ రమ్మన్నారు, సగం అడ్వాన్స్ కట్టమన్నారు. అమ్మీ పన్నెండేళ్లుగా షుగర్ గోలీలు మింగుతోంది. ఆ మాటే ఎవరూ అడగలేదు. ఆపరేషన్ ఎవరు చేస్తారని అడిగాను. "సర్జన్ సాబ్ బయటి నుంచి వస్తారు." పేరేంటి? "వచ్చినప్పుడు చూస్తారు కదా." అమ్మీ పర్సు తెరిచింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మెట్లు దిగుతూ "అందరి ముందు బేఇజ్జతీ చేసినవ్" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు బుజ్జగించి, నయాపూల్ దాటించి అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లాను. ఉస్మానియా దవాఖానా దగ్గరే సర్కారీ డెంటల్ కాలేజీ ఉంది, 1959 నుంచి. ఓపీ చిట్టీ, లైను, ఇంతెజార్. అక్కడి డాక్టరమ్మ నోరు చూడక ముందే అడిగింది: షుగర్ ఉందా, బీపీ ఉందా, రక్తం పలచబడే గోలీలు వాడుతున్నారా, ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకున్నారా? మూడు నెలల షుగర్ పరీక్ష రాసింది. తొమ్మిది దాటింది. "ఇప్పుడు వద్దమ్మా. గాయం మానదు, చీము పట్టొచ్చు. ముందు షుగర్ దించుకోండి" అంది. 'వద్దు' అన్న డాక్టర్ మీదే నాకు భరోసా కుదిరింది.

ఇంప్లాంట్ అంటే టైటానియం స్క్రూ. ఎముక దాన్ని పట్టుకోవాలి. స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకకు టైటానియం అతుక్కుపోవడం గమనించాడు, 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు. కొందరికి వెంటనే పన్ను పెట్టొచ్చు గానీ, స్కాన్ తీయకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర ఇంప్లాంట్ కోసం విడిగా ఎండీఎస్ లేదు. కట్టుడు పళ్లు, చిగుళ్లు, దవడ సర్జరీలో ఎండీఎస్ చేసినవాళ్లు ఇది నేర్చుకుంటారు. రెండు రోజుల కోర్సు చేసి మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. కాబట్టి డాక్టర్ పేరు, చదువు, స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం గుస్తాఖీ కాదు. అది మన హక్.

అమ్మీకి ఇంకో ఫికర్. దవడలో లోహం జాయజేనా, వజూ అవుతుందా? మస్జిద్ మౌలానా సాబ్ హజ్రత్ అర్ఫజా సంగతి చెప్పారు. జంగ్‌లో ముక్కు పోతే వెండి ముక్కు పెట్టుకున్నారు, అది వాసన కొడితే బంగారు ముక్కు పెట్టుకోవడానికి రసూలుల్లా ఇజాజత్ ఇచ్చారు. కదలకుండా బిగించిన పన్ను తీయకుండానే వజూ అవుతుందన్నారు. "కానీ ఎముక పొడి వేస్తే దేనిదో అడుగు బేటీ" అన్నారు. నిజమే, కొన్ని ఆవు ఎముకవి, పైన కప్పే పొర కొన్నిసార్లు పందిది. పూర్తిగా తయారుచేసినవీ దొరుకుతాయి.

నాలుగు నెలలు చాయ్‌లో షకర్ బంద్, రోజూ ఫజర్ తర్వాత నడక. పరీక్ష ఏడుకి దిగింది. అప్పుడు మూడు చోట్ల తిరిగి, స్కాన్ ముందు పెట్టి ఎముక కొలత చూపించిన డాక్టర్‌ని ఎంచుకున్నాం. ఆపరేషన్ తనే చేస్తానన్నాడు. పొడి అవసరం లేదన్నాడు. ఖర్చు విడివిడిగా రాసిచ్చాడు, స్క్రూ పట్టుకోకపోతే ఏం చేస్తాడో కూడా. స్క్రూ డబ్బా మీది కంపెనీ పేరు, నంబరున్న స్టిక్కర్ అమ్మీ ఫైల్లో అంటించాడు. రేపు ఏ ఊళ్లో రిపేర్ కావాలన్నా అదే ఆధారం.

నాలుగు నెలలకు పళ్లు బిగించారు. ఉమ్రా పైసలు సగానికి తగ్గాయి. మళ్లీ జమ చేస్తున్నాం, ఇన్షా అల్లా. మొన్న జుమ్మా నాడు అమ్మీ దస్తర్‌ఖాన్ మీద చివరిదాకా కూర్చుంది. లుఖ్మీ రెండోది అడిగింది. ఆ క్లినిక్ సంగతి మాత్రం ఇప్పటికీ ఎత్తదు. పక్కింటి ఖాలా పళ్ల గురించి అడిగితే మాత్రం, "ముందు నంబర్ పూఛో" అంటోంది.